దేశాలు తలుపులు మూసుకుంటే పరిశోధన ఏమవుతుంది?

2022 ఫిబ్రవరి 26న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక టెలిస్కోపును జర్మనీ శాస్త్రవేత్తలు నిద్రపుచ్చారు. దాని పేరు ఈరోసిటా. ఆకాశమంతటినీ ఎక్స్‌రే కాంతిలో ఎనిమిది విడతలు గాలించడానికి 2019 జులైలో దాన్ని పంపారు. ఒక్కో విడతకు ఆరు నెలలు పడుతుంది. నాలుగు పూర్తయ్యాయి, ఐదోది నడుస్తోంది. పరికరం బాగానే పనిచేస్తోంది. అయితే టెలిస్కోపు జర్మనీది, దాన్ని మోస్తున్న స్పెక్టర్-ఆర్‌జీ నౌక రష్యాది. రెండు రోజుల ముందే రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి చొరబడ్డాయి. రష్యాతో ఉమ్మడి పనులు నిలిపేయాలని జర్మనీలోని పెద్ద పరిశోధన సంస్థలు వెంటనే అనుకున్నాయి. ఆ నిర్ణయం అంతరిక్షం దాకా వెళ్లింది.

ఇలాంటప్పుడు రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. విజ్ఞానానికి సరిహద్దులు లేవు, రాజకీయాలు దాని జోలికి రాకూడదన్నది ఒకటి. తప్పు చేసిన దేశంతో ఏ పొత్తూ ఉండకూడదు, పరిశోధనకు మాత్రం మినహాయింపు ఎందుకన్నది రెండోది. ఒక దేశాన్ని ప్రపంచం దూరం పెట్టినప్పుడు నిజంగా ఏం జరుగుతుందో ఈ రెండు మాటలూ చెప్పవు. ఎందుకంటే అన్ని పనులూ ఒకేలా ఆగవు. కొన్ని రాత్రికి రాత్రి ఆగిపోతాయి. కొన్ని యుద్ధం నడుస్తుండగానే సాగిపోతాయి. ఏది ఆగుతుంది, ఏది సాగుతుంది అన్నదాని వెనక ఒక తర్కం ఉంది. అది అర్థమైతే నష్టం ఎవరి మీద పడుతుందో కూడా అర్థమవుతుంది.

ఎక్కడెక్కడ తెగుతుంది

ఊళ్లో ఒక ఇంటిని వెలివేస్తే ఆ ఇంటి గోడల్ని ఎవరూ కూలగొట్టరు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, శుభకార్యానికి పిలవరు. దేశాన్ని వెలివేయడమూ అలాంటిదే. ప్రయోగశాలలు అలాగే ఉంటాయి, వాటిలోకి వచ్చే దారులు మూసుకుంటాయి. ఆ దారులు ముఖ్యంగా ఐదు: డబ్బు, సామాను, ప్రయాణం, పేరు, సమాచారం.

డబ్బు దారి ఎంత చిత్రంగా మూసుకుంటుందో జోర్డాన్‌లోని సెసామి కేంద్రాన్ని చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో తిప్పి, వాటి నుంచి వచ్చే తీక్షణమైన ఎక్స్‌రేలతో ప్రొటీన్ల నుంచి పురావస్తువుల దాకా పరీక్షించే చోటు అది. 2017లో ప్రారంభమైంది. ఇజ్రాయెల్, ఇరాన్, పాలస్తీనా, పాకిస్తాన్, ఈజిప్ట్ వంటి దేశాలు ఒకే బల్ల దగ్గర సభ్యులుగా కూర్చోవడం దాని ప్రత్యేకత. తన వంతు చందా కట్టడానికి ఇరాన్‌కు అడ్డొచ్చింది ఇజ్రాయెల్‌తో వైరం కాదు, బ్యాంకులు. అమెరికా ఆంక్షల భయంతో ఇరాన్ సొమ్మును బదిలీ చేయడానికి అవి ముందుకు రాలేదు. ఆంక్షల చట్టంలో ఎవరూ పరిశోధన పేరు ఎత్తకపోయినా ఇలా జరుగుతుంది. బ్యాంకులు, ఓడల కంపెనీలు, బీమా సంస్థలు తమ జాగ్రత్త కోసం చట్టం చెప్పినదానికంటే రెండడుగులు వెనక్కి వెళ్లి నిలబడతాయి.

సామాను దారి మూసుకోవడానికి కారణం చాలా పరికరాలు రెండు పనులకు పనికిరావడం. మంచి పంపు, నాణ్యమైన మిశ్రమలోహం, వేగంగా లెక్కలు కట్టే కంప్యూటర్ ఆసుపత్రికీ పనికొస్తాయి, ఆయుధానికీ పనికొస్తాయి. కాబట్టి అమ్మే దేశం అనుమతుల జాబితా పెడుతుంది. జాబితాలో లేని చిన్న విడిభాగం కూడా అనుమానంతో నెలల తరబడి కార్యాలయాల్లో ఆగిపోతుంది.

ప్రయాణం అంటే వీసా. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగిన కొద్ది వారాలకే, మన అణుశక్తి సంఘం అధ్యక్షుడు ఆర్. చిదంబరానికి అమెరికా వీసా నిరాకరించింది. ఆయన వెళ్లాలనుకున్నది స్ఫటికశాస్త్ర సమావేశానికి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఇది మరో రూపం తీసుకుంది. 2022లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సిన ప్రపంచ గణిత మహాసభను అక్కడి నుంచి తప్పించి ఆన్‌లైన్‌లో నడిపారు. బహుమతులు హెల్సింకీలో ఇచ్చారు. ఆ ఏడాది ఫీల్డ్స్ పతకం అందుకున్నవారిలో మరీనా వియాజోవ్‌స్కా ఉక్రెయిన్‌లో పుట్టిన గణితవేత్త.

పేరు దగ్గర వచ్చిన చిక్కు బయటివాళ్లకు చిన్నదిగా కనిపిస్తుంది. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో పెద్ద ప్రయోగాల పత్రాల కింద వేలమంది రచయితల పేర్లుంటాయి. ఒక్కొక్కరి పక్కన వాళ్ల సంస్థ పేరు ఉంటుంది. యుద్ధం మొదలయ్యాక రష్యా సంస్థల పేర్లు వేయడానికి కొందరు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన రష్యా శాస్త్రవేత్తల పేర్లు తీసేయడానికి మరికొందరు ఒప్పుకోలేదు. ఆ తగువు తేలేదాకా ఫలితాలు సిద్ధంగా ఉన్నా పత్రికల్లో అచ్చు కాలేదు. చివరికి మధ్యేమార్గం పట్టారు. మనిషి పేరు ఉంటుంది, సంస్థ పేరు ఉండదు. దాని స్థానంలో, సెర్న్‌తో సహకార ఒప్పందం ఉన్న ఒక సంస్థకు చెందినవారు అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. పరిశోధకుడి ఉద్యోగం, పదోన్నతి, తర్వాతి గ్రాంటు అన్నీ పత్రం మీది పేరుతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఇది పంతాల గొడవ అని కొట్టిపారేయలేం.

ఐదోది సమాచారం. అన్నిటికంటే నెమ్మదిగా కనిపించే నష్టం, అన్నిటికంటే ఎక్కువమందికి తగిలే నష్టం ఇదే. ఆర్కిటిక్ తీరంలో దాదాపు సగం రష్యాది. ఏళ్లకేళ్లుగా గడ్డకట్టి ఉన్న ఉత్తరాది నేలలో సుమారు 1,50,000 కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా. అది ఇప్పుడు వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఆ నేల కరిగే కొద్దీ ఎంత కర్బనం ఎంత వేగంగా పైకి వస్తుందో తెలియకుండా భూతాపం గురించి సరైన లెక్క కట్టలేం. ఉపగ్రహం పైపొరను చూస్తుంది. లోతున ఎంత వేడి ఉందో తెలియాలంటే నేలలో బోరు వేసి కొలవాల్సిందే. సైబీరియా అడవిలో జొటినో దగ్గర 304 మీటర్ల ఎత్తున కట్టిన గోపురం, గాలిలోకి ఎంత కర్బనం చేరుతోందో కొలవడానికి. జర్మనీకి చెందిన మాక్స్ ప్లాంక్ సంస్థ, రష్యా అటవీ పరిశోధకులు కలిసి దాన్ని నడిపేవారు. 2022 తర్వాత ఆ ఉమ్మడి పని నిలిచింది. అదే ఏడాది మార్చిలో ఆర్కిటిక్ మండలిలోని ఎనిమిది దేశాల్లో రష్యా తప్ప మిగతా ఏడూ సమావేశాలకు రామన్నాయి.

రష్యాలోని కొలత కేంద్రాలను పక్కన పెడితే మిగిలిన కేంద్రాలు ఆర్కిటిక్ మొత్తాన్ని ఎంత సరిగ్గా ప్రతిబింబిస్తాయో పరిశీలించిన ఒక అధ్యయనం 2024 జనవరిలో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చింది. కొన్ని అంశాల్లో ఆ లోటు వల్ల వచ్చే తేడా, ఈ శతాబ్దాంతానికి వాతావరణ మార్పు వల్ల వస్తుందనుకుంటున్న తేడా అంత ఉందని తేలింది. అంటే రేపు మనం గమనించే మార్పు నిజంగా భూమిలో వచ్చిందో, చూసే కళ్లు తగ్గడం వల్ల అలా కనిపిస్తోందో చెప్పడం కష్టమవుతుంది.

ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది

అదే 2022లో మరో సంగతి జరిగింది. సెప్టెంబరులో అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో రష్యా సోయుజ్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. అక్టోబరులో రష్యా వ్యోమగామి అన్నా కికినా అమెరికా కంపెనీ స్పేస్ఎక్స్ నౌకలో అక్కడికే చేరింది. కింద రెండు ప్రభుత్వాలూ ఒకదాని మీద ఒకటి నిప్పులు కక్కుతున్నాయి. పైన ఆ రెండు దేశాలవాళ్లూ ఒకే కేంద్రంలో ఉంటూ పని చేసుకుంటున్నారు.

దీన్ని స్నేహం అనుకుంటే పొరపాటు. ఆ కేంద్రం క్రమంగా కిందికి జారకుండా పైకి తోసే పనిలో రష్యా భాగానిది ప్రధాన పాత్ర. విద్యుత్తులో ఎక్కువ భాగం అమెరికా వైపు నుంచి వస్తుంది. ఒకరు తప్పుకుంటే రెండోవాళ్లు కూడా నడపలేరు.

దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ రియాక్టరుదీ ఇదే కథ. సూర్యుడిలో జరిగే సంలీన చర్యను భూమ్మీద సాధించాలని ఏడు పక్షాలు కలిసి కడుతున్న యంత్రం అది. యంత్రాన్ని చుట్టి ఉండే భారీ పాత్ర క్రయోస్టాట్‌ను భారత్ తయారు చేసింది. ఒక పెద్ద అయస్కాంత చుట్ట రష్యా వంతు. 2022 నవంబరులో, ఆంక్షలు ముమ్మరంగా ఉన్న కాలంలోనే, ఆ చుట్ట సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓడ ఎక్కి ఫ్రాన్స్‌కు బయల్దేరింది. డబ్బు ఇవ్వడం కంటే ఎక్కువగా ఎవరి భాగం వాళ్లే తయారు చేసి తేవాలన్నది ఐటర్ ఒప్పందంలోని పద్ధతి. ఒక చుట్ట రాకపోతే యంత్రమంతా ఆగుతుంది.

అసలు తర్కం ఇక్కడే ఉంది. ఎవరు తప్పుకున్నా అవతలివాళ్లకు వెంటనే దెబ్బ తగిలే చోట సహకారం నిలుస్తుంది. అలాంటి దెబ్బ ఏ ప్రభుత్వానికీ తగలని చోట తెగిపోతుంది. ఈరోసిటా ఆగితే ఏ రాజధానిలోనూ దీపాలు ఆరవు. సైబీరియాలో నేల వేడి కొలవకపోతే ఈ ఏడాది ఏ మంత్రీ జవాబు చెప్పక్కర్లేదు. ఆకాశం గురించి, వాతావరణం గురించి అడిగేవాళ్లు ప్రపంచంలో ఎందరో ఉన్నా, ఆ సహకారం తెగినప్పుడు గట్టిగా నిలబడి ఇది నాది అనేవాళ్లు ఎవరూ ఉండరు. అందరికీ చెందిన పనే అందరికంటే ముందు ఆగుతుంది.

నష్టం కొన్నిసార్లు శిక్షించేవాళ్ల మీద కూడా పడుతుంది. అంగారకుడి నేలను రెండు మీటర్ల లోతుకు తొలిచి ప్రాచీన జీవం ఆనవాళ్లు వెతకడానికి ఐరోపా అంతరిక్ష సంస్థ రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే రోవర్‌ను సిద్ధం చేసింది. 2012లో బడ్జెట్ లేదని అమెరికా తప్పుకుంటే రష్యా ఆ స్థానంలోకి వచ్చింది. రాకెట్టు రష్యాది, అంగారకుడి మీద దింపే వేదిక రష్యాది. 2022 సెప్టెంబరులో ప్రయోగం. మార్చి 17న ఐరోపా సంస్థ ఆ పొత్తును ఆపేసింది. భూమి, అంగారకుడు ప్రయాణానికి అనువైన స్థానాలకు రావడం 26 నెలలకోసారే జరుగుతుంది. దింపే వేదికను మళ్లీ మొదటి నుంచి తయారు చేయాలి. కొత్త ముహూర్తం 2028. పరికరాల కోసం పదిహేనేళ్లు కష్టపడినవాళ్లలో కొందరు ఫలితం వచ్చేసరికి పదవీ విరమణ చేసి ఉంటారు.

వెలివేసిన దేశం ఏం చేస్తుంది

ఆంక్షల వల్ల దేశాలు స్వయం సమృద్ధమవుతాయని ఒక వాదన ఉంది. మన దేశాన్నే ఉదాహరణగా చూపిస్తారు. అది నిజమే, కానీ సగం నిజం.

1991లో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో క్రయోజెనిక్ ఇంజన్ల కోసం, వాటి తయారీ పరిజ్ఞానం కోసం ఒప్పందం చేసుకుంది. అతి శీతల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే ఆ ఇంజను లేనిదే బరువైన ఉపగ్రహాలను ఎత్తైన కక్ష్యకు చేర్చడం కష్టం. ఇది క్షిపణులకు పనికొస్తుందంటూ 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. అంత చల్లని ఇంధనం నింపి క్షిపణిని సిద్ధంగా ఉంచడం ఎవరికీ వీలుకాదని మనవాళ్లు వాదించినా లాభం లేకపోయింది. 1993లో రష్యా పరిజ్ఞానం ఇవ్వనంది, తయారైన ఇంజన్లు ఏడు మాత్రం ఇచ్చింది. ఆ తర్వాత మనవాళ్లే తయారు చేసుకోవాల్సి వచ్చింది. 2010 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి దేశీయ క్రయోజెనిక్ దశతో చేసిన మొదటి ప్రయోగం విఫలమైంది. 2014 జనవరిలో విజయం దక్కింది. ఈ క్రమంలో హైదరాబాద్‌లోని ఎంటార్ వంటి కంపెనీలు రాకెట్ ఇంజన్ల భాగాలు తయారు చేసే స్థాయికి ఎదిగాయి.

లెక్క చూడండి. పని పూర్తయింది, అయితే ఒప్పందం నాటి నుంచి 23 ఏళ్లు పట్టింది. పెద్ద దేశం, స్థిరమైన ప్రభుత్వ నిధులు, ఓపిక ఉన్న సంస్థ ఉన్నాయి కాబట్టి ఆ కాలాన్ని మనం భరించగలిగాం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రో కలిసి తయారు చేసిన నైసార్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది దేశీయ క్రయోజెనిక్ దశ ఉన్న జీఎస్‌ఎల్‌వీ రాకెట్టే. ఒకప్పుడు అమెరికా అడ్డుపడిన సామర్థ్యమే అమెరికా రాడార్‌ను పైకి మోసింది. ఆంక్ష ఆపాలనుకున్నది ఆగలేదు, మధ్యలో రెండు దేశాలూ కలిసి చేయగలిగిన పనులు మాత్రం ఏళ్ల తరబడి వెనక్కి పోయాయి. చైనాదీ కొంతవరకు ఇదే దారి. నాసా నిధులతో చైనాతో నేరుగా కలిసి పనిచేయకూడదని అమెరికా కాంగ్రెస్ 2011లో నిబంధన పెట్టింది. చైనా తన సొంత అంతరిక్ష కేంద్రం తియాంగాంగ్‌ను 2022లో పూర్తి చేసుకుంది.

ఇంకా వెనక్కి వెళితే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ కనిపిస్తుంది. 1914 అక్టోబరులో 93 మంది జర్మన్ మేధావులు తమ సైన్యాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మాక్స్ ప్లాంక్, ఫ్రిట్జ్ హేబర్ వంటివాళ్లు అందులో ఉన్నారు. యుద్ధం ముగిశాక 1919లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధన మండలి జర్మనీని, దాని మిత్రదేశాలను చేర్చుకోలేదు. ఆ నిషేధం 1926లో తొలగింది. 1920, 1924 గణిత మహాసభలకు జర్మన్లకు పిలుపు లేదు. 1928లో ఇటలీలోని బొలోన్యాకు గణితవేత్త హిల్బర్ట్ నాయకత్వంలో వాళ్లు మళ్లీ వచ్చారు. అయితే ఆ వెలివేత కాలంలోనే, 1925లో, జర్మనీలోని గాటింగెన్‌లో హైజెన్‌బర్గ్ క్వాంటమ్ యాంత్రికశాస్త్రానికి పునాది వేశాడు. కాగితం, కలం, చుట్టూ మంచి మెదళ్లు ఉంటే సాగే శాస్త్రాన్ని వెలివేత పెద్దగా ఆపలేకపోయింది. ఈనాటి శాస్త్రం అలా లేదు. వేలమంది మనుషులు, ఒకే యంత్రం, దేశదేశాల విడిభాగాలు కావాలి. అందుకే వందేళ్ల కిందటి అనుభవాన్ని చూపి ఇప్పుడు కూడా ఏమీ కాదులే అనుకోలేం. చిన్న దేశమైతే ఇరవై ఏళ్లు ఎదురుచూసే స్తోమత అసలే ఉండదు. అక్కడి యువ పరిశోధకులు దేశమైనా వదులుతారు, పరిశోధనైనా వదులుతారు.

లోపలి నుంచి వేసుకునే గడియ

వెలివేత ఎప్పుడూ బయటి నుంచే రాదు. స్టాలిన్ కాలంలో సోవియట్ జన్యుశాస్త్రం తనను తానే మూసుకుంది. 1937లో మాస్కోలో జరగాల్సిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ రద్దయి, 1939లో ఎడిన్‌బరోలో జరిగింది. ప్రపంచం నలుమూలల నుంచి విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్ 1943లో సరటోవ్ జైల్లో చనిపోయాడు. 1948 నాటికి జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చిన లైసెంకో సిద్ధాంతమే అధికారిక శాస్త్రమైంది. బయటివాళ్లు ఎవరూ ఆంక్షలు పెట్టకుండానే ఒక తరం జీవశాస్త్రం పోయింది.

ఆ ధోరణి ఇప్పుడు మళ్లీ కనిపిస్తోంది. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో ధ్వనికంటే ఎన్నో రెట్లు వేగంగా సాగే గాలి ప్రవాహాల మీద పనిచేసే ముగ్గురు శాస్త్రవేత్తలను దేశద్రోహం కేసుల్లో అరెస్టు చేశారు. అంతర్జాతీయ సభల్లో చదివిన, ముందే అనుమతి పొందిన పత్రాలే వాళ్లకు నేరమయ్యాయని 2023 మేలో వాళ్ల సహోద్యోగులు బహిరంగ లేఖ రాశారు. సహచరుడు జైలుకు వెళ్లడం చూసిన కుర్ర శాస్త్రవేత్త విదేశీయుడి ఈమెయిల్‌కు జవాబు రాసే ముందు పదిసార్లు ఆలోచిస్తాడు. బయటివాళ్లు ఒక తలుపు మూస్తే, లోపలివాళ్లు రెండో తలుపు మూస్తున్నారు.

మనిషి వేరు, సంస్థ వేరు

ఇంతవరకు చెప్పింది చూసి ఆంక్షలే తప్పనుకుంటే ఉక్రెయిన్‌కు అన్యాయం చేసినట్టే. 2022 మార్చిలో ఖార్కివ్‌లోని భౌతికశాస్త్ర సంస్థ మీద బాంబులు పడ్డాయి. అమెరికా సాయంతో అక్కడ కట్టిన న్యూట్రాన్ పరిశోధన యంత్రం దెబ్బతింది. ఆ నగరం దగ్గరి యూటీఆర్-2 రేడియో టెలిస్కోపు ఆక్రమణలో తీవ్రంగా దెబ్బతింది. ప్రయోగశాల కోల్పోయిన ఉక్రెయిన్ శాస్త్రవేత్తను ఆ బాంబులు వేసిన దేశపు అధికారిక ప్రతినిధి పక్కన కూర్చోమనడం న్యాయం కాదు. పైగా 2022 మార్చి మొదటి వారంలో రష్యా విశ్వవిద్యాలయాల రెక్టార్లు వందలమంది యుద్ధాన్ని సమర్థిస్తూ లేఖ విడుదల చేశారు. 1914 నాటి 93 మంది ప్రకటన గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. దాంతో ఐరోపా విశ్వవిద్యాలయాల సంఘం 12 రష్యా విశ్వవిద్యాలయాల సభ్యత్వాన్ని నిలిపేసింది.

కానీ అంతకంటే ముందే, యుద్ధం మొదలైన రోజునే, రష్యా శాస్త్రవేత్తలు, విజ్ఞాన పాత్రికేయులు యుద్ధాన్ని ఖండిస్తూ లేఖ రాశారు. తర్వాత వేలమంది దానికి సంతకాలు కలిపారు. అదే ఏడాది జూన్‌లో రష్యా అంతరిక్ష సంస్థ అధిపతి రొగోజిన్, ఈరోసిటాను జర్మన్ల అనుమతి లేకుండా మేమే నడుపుతామన్నాడు. దానికి అడ్డుచెప్పినవాళ్లలో రష్యాకు చెందిన ప్రసిద్ధ ఖగోళశాస్త్రజ్ఞుడు రషీద్ సున్యాయెవ్ ఒకరు. ఆ టెలిస్కోపు నిద్ర లేవలేదు. ప్రభుత్వం మాట, శాస్త్రవేత్తల మాట ఒకటి కాదని దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

సెర్న్ చివరికి తీసుకున్న నిర్ణయంలో ఈ తేడా కనిపిస్తుంది. 2024 నవంబరు 30తో రష్యాతో ఒప్పందం ముగిసింది. రష్యా సంస్థల తరఫున పనిచేస్తున్న సుమారు 500 మందికి దారి మూసుకుంది. అయితే రష్యా పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన ఎవరినీ నిషేధించలేదు. వేరే దేశపు సంస్థలో చేరినవాళ్లు పని కొనసాగించుకోవచ్చు. మాస్కో సమీపంలోని దుబ్నాలో ఉన్న అంతర్జాతీయ అణు పరిశోధన సంస్థతో ఒప్పందం కొనసాగింది. దాని మీద ఉక్రెయిన్ శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఎవరికీ పూర్తిగా నచ్చని నిర్ణయమే అయినా అందులో ఒక క్రమం ఉంది: ప్రభుత్వానికి గౌరవం ఇచ్చే గుర్తింపులు పోయాయి, మనుషులకు ఒక దారి మిగిలింది.

ఒప్పందంలోనే రాసుకోవాలి

ఈరోసిటా కథలో గమనించాల్సిన మరో సంగతి ఉంది. ప్రయోగానికి ముందే జర్మన్లు, రష్యన్లు ఆకాశాన్ని రెండు వాటాలుగా పంచుకుని ఒప్పందం రాసుకున్నారు. ఎవరి సగంలోని సమాచారం మీద హక్కు వాళ్లది. పొత్తు తెగినా ఆ పంపకం చెల్లింది. 2024 జనవరి 31న జర్మన్లు తమ సగంలోని మొదటి విడత సమాచారాన్ని ప్రపంచానికంతటికీ తెరిచారు. అందులో దాదాపు 9 లక్షల ఎక్స్‌రే వనరులు ఉన్నాయి. ముందే రాసుకోకపోయి ఉంటే ఆ సమాచారం కూడా తగువులో ఇరుక్కునేది.

భారత్‌కు ఇందులో ఒక పాఠం ఉంది. ఐటర్‌లో మనం సభ్యులం, 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యులం. అమెరికాతో నైసార్ నడుపుతున్నాం, రష్యాతోనూ దశాబ్దాల అనుబంధం ఉంది. 1974, 1998 అణుపరీక్షల తర్వాత వెలివేతను అనుభవించిన దేశం మనది. ఈ పొత్తుల్లో ఏదో ఒకటి రేపు రాజకీయాల వల్ల తెగవచ్చు. అలా తెగితే సేకరించిన సమాచారం ఎవరికి చెందుతుంది, సగంలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థి ఎక్కడికి వెళ్తాడు, వాతావరణం, భూకంపాలు, అంటువ్యాధుల కొలతలను ఏ పరిస్థితిలోనూ ఆపకూడదా అన్న మూడు ప్రశ్నలకు ఒప్పందం మీద సంతకం పెట్టే రోజునే జవాబు రాసుకోవాలి. గొడవ మొదలయ్యాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు. అందరూ మంచిగా ఉన్నప్పుడే అడగాలి.